తామర పంకజమే: చేపల వ్యర్థం పూలతొట్టికి ఎరువయ్యే విధానం

చెన్నై మహానగరంలో ఒక పేట పేరులోనే కలువకొలను ఉంది. తిరువల్లిక్కేణి అన్న మాటలో ‘అల్లి’ అంటే కలువ, ‘కేణి’ అంటే కొలను. అక్కడి పార్థసారథి స్వామి ఆలయ పుష్కరిణికి కైరవిణి అని పేరు. కైరవం అన్నా తెల్లకలువే. కొలనులు తరిగిన నగరంలో ఆ పూలు నేడు మేడమీది తొట్లలోకి, వసారాలోని టబ్బులలోకి చేరాయి. నాలుగడుగుల చోటు, ఆరు గంటల ఎండ ఉంటే చాలు, అద్దె ఇంటివారు సైతం ఒక తామరను పెంచుకోగలుగుతున్నారు.

అదే ఇళ్లలో ఆదివారం వచ్చిందంటే చేపలకూర ఉంటుంది. కాశిమేడు రేవు, చింతాద్రిపేట అంగడి, పట్టినపాక్కం తీరం, వానగరం బజారు ఆ ఉదయం కిటకిటలాడతాయి. వంజరం, చందువ, నెత్తళ్లు సముద్రం నుండి వస్తే, బొచ్చె, శీలావతి మంచినీటి చెరువుల నుండి వస్తాయి. ఏ చేపైనా తల, మొప్పలు, పేగులు, పొలుసులు, రెక్కలు పోగా మిగిలిందే కూరకు పనికివస్తుంది. కొన్న బరువులో మూడో వంతు వరకు, కొన్ని రకాలలో అంతకు మించి, వ్యర్థంగా పోతుంది.

వంటింట్లో ఆ వ్యర్థం, మేడమీద ఈ తొట్టి ఉన్నప్పుడు, ఒకటి రెండోదానికి ఎరువు కాగలదా అన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. కాగలదు. అయితే నేరుగా కాదు. పచ్చి వ్యర్థాన్ని తొట్టి నీటిలో వేసినవారు మొక్కను, తొట్టిలోని చేపపిల్లలను, ఒక్కొక్కసారి ఇరుగుపొరుగువారి స్నేహాన్ని కూడా పోగొట్టుకుంటారు. దానిని ముందుగా మట్టిగా మార్చి, ఆ మట్టిని వేరు దగ్గరకు చేర్చినవారికి పూలు దక్కుతాయి.

తామరకు మన భాషలో నీరజమనీ పంకజమనీ రెండు పేర్లూ ఉన్నాయి. నీటిలో పుట్టినది నీరజం, బురదలో పుట్టినది పంకజం. ఎరువు వేసే వేళ రెండో పేరునే గుర్తుంచుకోవాలి. తామర, కలువ తమ ఆహారంలో ప్రధాన భాగాన్ని అడుగున ఉన్న బురద నుండి వేళ్ల ద్వారా తీసుకుంటాయి. వాటికి నీరు చల్లదనాన్ని, ఆధారాన్ని ఇస్తుంది. అన్నం పెట్టేది బురద.

చేపలో ఉన్న బలం

చేప మాంసకృత్తుల రాశి. మాంసకృత్తులలో నత్రజని సమృద్ధిగా ఉంటుంది. ముళ్లలో, తలలో, పొలుసులలో భాస్వరం, కాల్షియం ఉంటాయి. నత్రజని ఆకును, భాస్వరం వేరును, పూతను పోషిస్తాయి. మొక్కకు కావలసిన మూడో ముఖ్య పోషకం పొటాష్ మాత్రం చేపలో తక్కువ. అందుకే చేప ఎరువుతో పాటు కొద్దిగా కట్టెల బూడిదనో, ఎండబెట్టి పొడిచేసిన అరటితొక్కలనో కలపడం మంచిది.

ఈ సంగతి కొత్తగా కనుగొన్నది కాదు. ఎడో యుగపు జపానులో ఎండబెట్టిన సార్డీన్ చేపలను పత్తి పొలాలకు ఎరువుగా కొనేవారు. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో స్థానిక జాతుల వారు మొక్కజొన్న గుంటలో చేపను పాతిపెట్టే పద్ధతిని 17వ శతాబ్దంలో వలస వచ్చిన ఆంగ్లేయులకు నేర్పినట్లు నాటి వ్రాతలు చెబుతున్నాయి. అక్కడ చేపను పాతిపెట్టినది మట్టిలో అన్నది గమనించదగిన విషయం.

చెన్నైకి కూడా ఈ చరిత్రలో చోటుంది. 1907లో మద్రాసు రాష్ట్రంలో మత్స్యశాఖ ఏర్పడినప్పుడు దానికి సారథ్యం వహించినవారు సర్ ఫ్రెడరిక్ నికల్సన్. మలబారు తీరంలో కవళ్ల చేపలు వెల్లువలా పడే రోజులలో, అమ్ముడుపోని చేప తీరాన కుళ్లకుండా, దానిని ఉడికించి నూనె తీసి, మిగిలిన పిప్పిని ఎండబెట్టి ఎరువుగా అమ్మే పరిశ్రమను ఆ శాఖ ప్రోత్సహించింది. ఆ ఎరువుకు ‘చేప గ్వానో’ అని వ్యవహారం. ఉడికించడం, నూనె తీయడం, ఎండబెట్టడం అనే మూడు పనులూ పచ్చి చేపలోని కుళ్లే గుణాన్ని అదుపులో పెట్టడానికే. ఇంటి తొట్టికి వాడేటప్పుడు కూడా పాటించవలసిన సూత్రం అదే.

నీటిలో వేస్తే ఏమవుతుంది

యాభై లీటర్ల తొట్టిలో ఒక కలువ, నాలుగు గప్పీ చేపలు ఉన్నాయనుకుందాం. ఒక ఆదివారం పిడికెడు చేపపేగులు, మొప్పలు అందులో వేశారనుకుందాం. తరువాతి పది రోజులలో జరిగేది ఇది.

మొదటి రోజు పైకి ఏమీ కనిపించదు. నీటిలోని సూక్ష్మజీవులు ఆ మాంసంపై పడి లక్షల సంఖ్యలో పెరుగుతాయి. అవి పెరగడానికి నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. చెన్నై వేడిలో ఆ నిల్వ అసలే తక్కువ. నీరు 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువు సహజంగా కరిగి నిలవదు. రాత్రివేళ మొక్కలు కూడా దానిని పీల్చుకుంటాయి కనుక, తెల్లవారేసరికి గప్పీలు నీటి ఉపరితలానికి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

రెండు, మూడు రోజులలో మాంసకృత్తులు విడిపోయి అమ్మోనియా పుడుతుంది. నీటి ఉదజని సూచిక, అంటే పీహెచ్, 7 ఉన్నచోట ఆ అమ్మోనియాలో చేపకు విషమైన రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 8కి చేరితే అది ఏడెనిమిది పాళ్లవుతుంది. 9కి చేరితే దాదాపు సగం అవుతుంది. నాచు దట్టంగా ఉన్న తొట్టిలో మిట్టమధ్యాహ్నపు ఎండకు పీహెచ్ అంత ఎత్తుకు పోవడం అరుదు కాదు. ఉదయం ఊపిరాడక బ్రతికి బయటపడిన గప్పీలు మధ్యాహ్నం ఈ విషానికి లోనవుతాయి.

వారం గడిచేసరికి కరిగిన పోషకాలను ముందుగా అందుకునేది కలువ కాదు, నాచు. నీరు పచ్చని చారులా మారుతుంది. వెలుతురు అడుగుకు చేరదు. లేత ఆకులు పైకి రాకముందే జిగురు పట్టి నశిస్తాయి. మాంసపు ముక్క బురదలోకి దిగబడి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. గాలి అందని ఆ బురదలో అది కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. ఆ వాయువు సోకిన వేళ్లు నల్లబడి మెత్తబడతాయి.

గప్పీలు చనిపోయిన తొట్టిలో దోమపిల్లలను తినేవారు ఇక లేరు. కుళ్లుతో నిండిన నీటిని క్యూలెక్స్ జాతి దోమ వెదుక్కుంటూ వస్తుంది. పోషణ కోసం చేసిన పని పది రోజులలో దోమల పెంపకంగా ముగుస్తుంది.

నగరమే చూపుతున్న ఉదాహరణ

ఇదే కథను పెద్ద పరిమాణంలో చూడాలంటే నగర జలమార్గాలను చూస్తే చాలు. ఆంధ్ర తీరం నుండి చెన్నై మీదుగా మరక్కాణం దాకా సాగే బకింగ్‌హాం కాలువలో ఒకప్పుడు సరుకుల పడవలు నడిచేవి. నేడు నగర పరిధిలో అది, కూవం, అడయారు నదులు మురుగు భారాన్ని మోస్తున్నాయి. మురుగులోని నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క నీటిని కప్పివేస్తుంది. ఆ మొక్క ఎదగడానికి మట్టి అక్కర్లేదు, నీటిలో కరిగిన ఎరువే చాలు.

ఈ ఉదాహరణ రెండు విషయాలు చెబుతుంది. నీటిలో కరిగిన పోషకం తేలియాడే మొక్కలకు, నాచుకు బలం. అడుగున నాటుకున్న పూలమొక్కకు అది ఆలస్యంగా, అరకొరగా అందుతుంది. రెండవది, తొట్టిలో పెరిగిన గుర్రపుడెక్కను, అంతరతామరను చెరువులో, కాలువలో వదిలిపెట్టరాదు. ఎక్కువైన మొక్కలను తీసి ఎండబెట్టి కంపోస్టులో వేయాలి.

మొదటి పద్ధతి: అక్వేరియం నీరు

చేపల వ్యర్థం అంటే వంటింటి వ్యర్థం ఒక్కటే కాదు. బ్రతికి ఉన్న చేప విసర్జించేది కూడా వ్యర్థమే. ఇంట్లో అక్వేరియం ఉన్నవారికి అదే అతి సులభమైన, వాసన లేని ఎరువు. ఉత్తర చెన్నైలోని కొళత్తూరు అలంకార చేపల పెంపకానికి, అమ్మకానికి పేరుపొందిన చోటు. అక్కడి నుండి చేపలు కొనితెచ్చుకునే ఇళ్లు నగరమంతటా ఉన్నాయి. వారం వారం ఆ ఇళ్లలో మార్చి పారబోసే నీరు నిజానికి పలుచని ఎరువు.

బాగా నడుస్తున్న అక్వేరియంలో చేప విసర్జించిన అమ్మోనియాను ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరొక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ చేపకు అంతగా హాని చేయదు, మొక్కకు మాత్రం సిద్ధాన్నం. అంటే పచ్చి వ్యర్థాన్ని మార్చే పని ఇక్కడ అక్వేరియమే ముగించి ఇస్తుంది.

వారానికొకసారి అక్వేరియం నీటిలో నాలుగో వంతు తీయడం అలవాటుగా ఉన్నవారు, ఆ నీటిని తొట్టిలో ఎండకు ఇగిరిపోయిన నీటికి బదులుగా పోయవచ్చు. ఫిల్టరు స్పాంజిని పిండినప్పుడు దిగే గోధుమరంగు మడ్డిని నీటిలో కలపకుండా, కంపోస్టులో వేయడం మేలు. మూడు సందర్భాలలో మాత్రం ఈ నీటిని వాడరాదు: చేపల జబ్బుకు మందు వేసినప్పుడు, ఉప్పు కలిపినప్పుడు, అది సముద్రపు చేపల అక్వేరియం అయినప్పుడు. ఉప్పును కలువ, తామర సహించవు. కొత్తగా అమర్చి నెల కూడా నిండని అక్వేరియం నీటిలో అమ్మోనియా ఇంకా మారకుండా ఉండవచ్చు కనుక గప్పీలున్న తొట్టిలో దానిని పోయకూడదు.

రెండో పద్ధతి: వంటింటి వ్యర్థాన్ని కంపోస్టు చేయడం

కంపోస్టు చక్కగా మాగాలంటే అందులో కర్బనం, నత్రజని ఒక పొత్తులో ఉండాలి. ఒక పాలు నత్రజనికి 25 నుండి 30 పాళ్ల కర్బనం ఉన్నప్పుడు సూక్ష్మజీవులు వాసన లేకుండా పనిచేస్తాయి. చేపల వ్యర్థంలో ఒక పాలు నత్రజనికి కర్బనం నాలుగు పాళ్లు మాత్రమే. మిగిలిన కర్బనాన్ని మనం చేర్చకపోతే అదనపు నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. పొరుగింటివారు ఫిర్యాదు చేసే వాసన అదే. ఎండుటాకులు, కొబ్బరిపీచు పొట్టు, రంపపుపొట్టు, సన్నగా చించిన పాత వార్తాపత్రికలు ఈ లోటు తీరుస్తాయి.

చేయవలసిన క్రమం ఇది.

1. మూత బిగుతుగా ఉండే 40 లేదా 50 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకుని, పక్కలకు, అడుగుకు చిన్న రంధ్రాలు చేయాలి. రంధ్రాలపై లోపలి నుండి దోమతెర అంటించాలి. అడుగున పళ్లెం పెట్టి, డ్రమ్మును రెండు ఇటుకలపై నిలపాలి.

2. అడుగున నాలుగు వేళ్ల మందాన పొడి కొబ్బరిపొట్టు, దానిపై ఒక దోసెడు పాత కంపోస్టు లేదా తోటమట్టి వేయాలి. సూక్ష్మజీవుల తోడు దానివల్లే అందుతుంది. పాలకు మజ్జిగ చుక్క వంటిది.

3. చేపల వ్యర్థాన్ని ఒకసారి మంచినీటితో కడగాలి. సముద్రపు చేపల ఉప్పు కొంత పోతుంది. తలలు, రెక్కలు చిన్నముక్కలుగా చేయాలి. జెల్లల వంటి ముళ్ల చేపలను పట్టేటప్పుడు చేతికి తొడుగు తప్పదు.

4. ఒక గిన్నె వ్యర్థానికి నాలుగు నుండి ఆరు గిన్నెల పొడి సరుకు కలపాలి. దానిని డ్రమ్ము మధ్యలో వేసి, పక్కలకు తగలకుండా, పైన జానెడు మందాన పొడి సరుకు కప్పాలి. ఈ పైకప్పే వాసనను పీల్చుకుంటుంది, ఈగను ఆపుతుంది.

5. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలే తడి ఉండాలి. నీరు కారితే పొడి సరుకు కలపాలి, పొడిగా రాలిపోతే నీరు చిలకరించాలి.

6. మూడు, నాలుగు వారాలు ఇలా పొరలు వేసి, ఆపై కొత్త వ్యర్థం వేయడం మానాలి. రెండు వారాలకొకసారి తిరగవేస్తూ మూడు నెలలు వదిలివేయాలి.

మాగిన కంపోస్టు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉంటుంది. పెద్ద ముళ్లు మిగిలితే ఏరి మరుసటి విడతలో వేయవచ్చు. అనుమానం ఉంటే ఒక గాజుసీసాలో కొద్దిగా తడి కంపోస్టు పెట్టి మూడు రోజులు మూత బిగించాలి. మూత తీసినప్పుడు చేప వాసన గాని, ఘాటు గాని తగిలితే ఇంకో నెల ఆగాలి. మేడమీది చిన్న డ్రమ్ములో రోగక్రిములను చంపేటంత వేడి, అంటే 55 డిగ్రీలు, పుట్టడం అరుదు కనుక ఈ ఓపిక అవసరం. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇందులో వేయకూడనివి కూడా ఉన్నాయి. చేపలకూర మిగులు, వేపుడు ముక్కలు, ఎండుచేప తలలు పనికిరావు. వాటిలో ఉప్పు, నూనె, కారం ఉంటాయి. రొయ్య పెంకులు వేయవచ్చు, అయితే అవి నెమ్మదిగా మాగుతాయి.

తొట్టి అమరిక, మట్టి ఉండలు

తామరకు రంధ్రం లేని వెడల్పాటి తొట్టి కావాలి. అడుగున రెండు, మూడు దోసెళ్ల చేప కంపోస్టును రెట్టింపు బంకమట్టితో కలిపి పరచాలి. దానిపై జానెడు ఒట్టి బంకమట్టి, దానిపై రెండు వేళ్ల ఇసుక వేయాలి. పైపొర కంపోస్టు నీటిలోకి తేలకుండా కాపుకాస్తుంది. కంపోస్టులోని కొబ్బరిపొట్టుకు తేలే గుణం ఉన్నందున ఈ కప్పును వదిలివేయరాదు. దుంపను పైమట్టిలో అడ్డంగా ఉంచి, మొలక కొనను పైకి వదలాలి. నాటిన వెంటనే మరే ఎరువూ వేయకూడదు. నీటిపై తేలే ఆకులు దాటి, గాలిలోకి నిలిచే మొదటి ఆకు వచ్చేదాకా తామర తన దుంపలోని నిల్వతోనే బ్రతుకుతుంది. ఆ లోపు వేసిన ఎరువు దుంపను కుళ్లబెట్టవచ్చు.

తరువాతి పోషణకు మట్టి ఉండలు అనువైనవి. ఒక పాలు చేప కంపోస్టు, రెండు పాళ్ల బంకమట్టి, చిటికెడు బూడిద కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టాలి. నెలకొకసారి యాభై లీటర్ల తొట్టికి రెండు, మూడు ఉండలను, మొలక కొనకు దూరంగా, తొట్టి అంచువైపు, నాలుగు వేళ్ల లోతున బురదలో గుచ్చి, పైన ఇసుక సర్దాలి. బంకమట్టి పోషకాలను పట్టి ఉంచి, వేరు అడిగినంతే వదులుతుంది. మొదటి నెల ఒక్క ఉండతో మొదలుపెట్టి, నీటి తీరు చూసి పెంచడం వివేకం.

మొక్కే లెక్క చెబుతుంది. ముదురు ఆకులు పసుపుబారుతూ, కొత్త ఆకులు చిన్నవవుతూ ఉంటే ఆకలి. నీరు పచ్చబడినా, బుడగలు లేచినా, కుళ్లు వాసన వచ్చినా, చేపలు తెల్లవారుజామున పైకి వచ్చి నోరు తెరిచినా అజీర్ణం. అప్పుడు మూడో వంతు నీటిని మార్చి, ఉండలను తీసివేసి, నెలన్నర పాటు ఏ ఎరువూ వేయకూడదు. మార్చిన నీటిని ఇతర కుండీలకు పోయవచ్చు. కొత్తగా పోసే కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక ఒక రోజు బకెట్టులో ఆరనిచ్చి పోస్తే గప్పీలకు హాని కలగదు.

బెల్లం ద్రావణం సంగతి

చేపల వ్యర్థాన్ని సమానమైన బరువు బెల్లంతో కలిపి, మూతపెట్టి, మూడు నాలుగు వారాలు నీడన ఊరబెట్టి వడగట్టే ద్రావణం తెలుగు రైతులకు మీనామృతంగా, తమిళ రైతులకు మీన్ అమిలంగా పరిచయమే. లీటరు నీటికి 2 నుండి 5 మిల్లీలీటర్ల చొప్పున కలిపి నేలమీది మొక్కలకు వాడతారు. పూలకుండీలకు, మేడమీది కూరగాయలకు అది మేలైనదే. తామర తొట్టిలో మాత్రం దానిని పోయకూడదు. అందులోని బెల్లపు చక్కెర సూక్ష్మజీవులకు విందు. నీటిలోని ప్రాణవాయువు గంటలలో అడుగంటుతుంది. ఆకులపై చల్లుదామన్నా తామరాకుపై నీటిబొట్టు నిలవదు కదా.

చెన్నై కాలానికి తగిన క్యాలెండరు

సంక్రాంతి వెళ్లాక, ఎండ ముదరకముందే, పాత దుంపలను విడదీసి కొత్త మట్టిలో నాటడం మంచిది. అందుకు వాడవలసిన కంపోస్టును దసరా నాటికే మొదలుపెట్టి ఉండాలి. ఉగాది మొదలు భాద్రపదం దాకా మొక్క చురుగ్గా పెరిగే కాలం. నెలనెలా ఉండలు వేయవలసింది అప్పుడే. నడివేసవిలో తొట్టి నీరు మరీ వేడెక్కితే ఒక నెల మానవచ్చు. అక్టోబరులో ఈశాన్య ఋతుపవనం అందుకోగానే ఎరువు ఆపివేయాలి. చెన్నై వర్షపాతంలో అధిక భాగం అక్టోబరు నుండి డిసెంబరు లోపే కురుస్తుంది. ఆ వానలకు పొంగిన తొట్టి తన ఎరువును మేడమీది గొట్టం ద్వారా వాననీటి కాలువలోకి పంపుతుంది. వాననీటిని సంపులో గాని, ఇంకుడుగుంతలో గాని పట్టే ఇళ్లవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. ఆ నెలల్లో తామర ఆకులు ఎండి దుంప నిద్రించడం సహజమే. అది చనిపోయిందనుకుని ఎరువు పెంచడం చాలామంది చేసే పొరపాటు.

దోమ, పొరుగు, పారిశుద్ధ్య కార్మికుడు

నీరు నిలిచే ప్రతి తొట్టీ దోమకు చోటే. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు నుండి ఎగిరే దశకు చేరడానికి వారం నుండి పది రోజులు చాలు. అందుచేత ప్రతి తొట్టిలో నాలుగైదు గప్పీలు గాని గంబూసియాలు గాని తప్పనిసరిగా ఉండాలి. అవి ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఎరువు మోతాదు మించలేదని కూడా తెలుస్తుంది. ఇంటింటికీ వచ్చి నీటి నిల్వలను పరిశీలించే నగరపాలక సంస్థ సిబ్బందికి తొట్టిని చూపించడం గృహస్థుల బాధ్యత. గప్పీలను కూడా మొక్కల వలెనే చెరువుల్లో, కాలువల్లో వదలకూడదు.

కంపోస్టు డ్రమ్ము పెట్టేముందు ఇంటి యజమానికి, అపార్టుమెంటు సంఘానికి చెప్పి అనుమతి తీసుకోవాలి. భాష తెలియని ఊరిలో, అద్దె ఇంట్లో, మేడమీది నుండి వచ్చే ఒక్క దుర్వాసన చాలు మాట పడటానికి. మూత బిగుతుగా లేకపోతే పిల్లులు, కాకులు, ఎలుకలు చేరతాయి. ఇన్ని జాగ్రత్తలకు వీలులేని ఇళ్లవారు కంపోస్టు జోలికి పోకపోవడమే ఉత్తమం. వారికి అక్వేరియం నీరు, అంగడిలో దొరికే మాగిన ఎరువు ఉండనే ఉన్నాయి.

ఇంట్లో వాడని చేపల వ్యర్థం ఎక్కడికి పోవాలన్నది అసలు ప్రశ్న. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి వ్యర్థాన్ని పుట్టినచోటే వేరుచేసి ఇవ్వవలసిన బాధ్యతను గృహస్థులపై ఉంచాయి. చేపల వ్యర్థం తడిచెత్త; అది పచ్చ తొట్టిలోకి చేరాలి. దానిని ప్లాస్టిక్ సంచిలో ముడివేసి ఇస్తే, ఆ ముడిని విప్పి వేరుచేసేది ఒక పారిశుద్ధ్య కార్మికుని చేయి. రొయ్య ముల్లు, జెల్ల ముల్లు గుచ్చుకునేదీ ఆ చేతికే. వార్తాపత్రికలో మందంగా చుట్టి, చెత్తబండి వచ్చేదాకా ఫ్రిజ్ గడ్డకట్టే అరలో ఉంచి, అడిగేముందే ‘ఇది చేపల చెత్త’ అని చెప్పి ఇవ్వడం చిన్న మర్యాద. వంటింటి తూములో, మరుగుదొడ్డిలో, వాననీటి కాలువలో దానిని పారవేయరాదు. చేప కొవ్వు గొట్టాలలో గడ్డకట్టి మురుగును ఆపుతుంది. చెత్త బండి రాకపోయినా, కాలువ మూసుకుపోయినా 1913 నంబరుకు ఫోను చేసి నగరపాలక సంస్థకు తెలియజేయవచ్చు.

చేపలు కోయించుకునే చోటనే వ్యర్థాన్ని వదిలివచ్చేవారు, కోసేవారు దానిని ప్లాస్టిక్‌తో కలపకుండా విడిగా ఉంచుతున్నారో లేదో ఒకమాట అడగవచ్చు. కంపోస్టు చేసేవారు తమకు కావలసినంతే, అంటే వారానికి అరకిలో లోపు, వెంట తెచ్చుకుంటే చాలు. ఒక తామర తొట్టికి ఏడాదికి కావలసిన ఎరువు ఒక డ్రమ్ము కంపోస్టులో సగం కూడా ఉండదు. మిగిలినది మేడమీది మల్లెకు, కరివేపకు పంచవచ్చు.

దేవుని పూజకు పెట్టే తామరకు చేప ఎరువేమిటని సంకోచించే ఇళ్లు కొన్ని ఉంటాయి. మూడు నెలలు మాగిన డ్రమ్ములో చేప మిగలదు, మట్టే మిగులుతుంది. ఆ మట్టి మీద కూడా మనసొప్పనివారు వేపపిండితో, మాగిన పశువుల ఎరువుతో ఇవే ఉండలు చేసుకోవచ్చు. కొలతలు, కాలం, లోతు అన్నీ అవే. ఏ ఎరువైనా చేరవలసిన చోటు నీటి అడుగున ఉన్న బురదే.